బండని పేల్చి కట్టిన రాక్ గార్డెన్

తోటల మీద సమీక్షలు రాసే అలవాటు మనకు లేదు. పుస్తకాల మీద రాస్తాం, సినిమాల మీద రాస్తాం, బిర్యానీ మీద పేరాలకు పేరాలు రాస్తాం. తోట దగ్గరికి వచ్చేసరికి "బాగుంది, పచ్చగా ఉంది" అని ఊరుకుంటాం. హైటెక్ సిటీ నుంచి కోకాపేట దాకా క్యాంపస్‌ల లోపలా బయటా ఎవరో డబ్బు పెట్టి, ఎవరో డ్రాయింగు గీసి, ఎవరో కూలికి నాటిన తోటలు బోలెడున్నాయి. తెలుగులో ఒక నవలకి వెయ్యిమంది పాఠకులు దొరికితే పండగ. ఈ తోటల్ని చూడక తప్పనివాళ్ళు మాత్రం రోజుకి లక్షల్లో ఉంటారు. అయినా వాటి గురించి అచ్చులో ఒక్క చెడ్డమాట కనపడదు. ఆ చెడ్డమాట ఇక్కడ రాద్దామని.

మా క్యాంపస్ పేరు అనవసరం, ఇలాంటివి ఈ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. నాలుగో అంతస్తు టెర్రస్ మీద మాకు "ఆల్పైన్ రాక్ గార్డెన్" ఉంది. బోర్డు మీద అక్షరాలా అదే పేరు. మార్చిలో ఫెసిలిటీస్ వాళ్ళ నుంచి అందరికీ మెయిల్ వచ్చింది. ఎర్లీ సమ్మర్ బ్లూమ్స్ వచ్చేశాయట, లంచ్ అయ్యాక వచ్చి చూడమని, మంచి ఫోటో తీసినవాళ్ళకి గిఫ్ట్ వోచర్ అని. వెళ్ళి చూశాను. పరిచిన తెల్ల గులకరాళ్ళు. వాటి మధ్య రెండు పెద్ద బండలు, తడితే డొల్లగా మోగాయి, ఫైబర్‌వి. ఇంకో అయిదారు మాత్రం నిజం గ్రానైటు ముక్కలు. వాటి అంచుల మీద డ్రిల్లు దిగిన గుర్తులు, సగానికి చీల్చిన గొట్టంలా, నున్నగా అలాగే ఉన్నాయి. నర్సరీ నుంచి కుండీలతో తెచ్చి దించిన పెటూనియాలు, వెండిరంగు డస్టీ మిల్లర్, కాస్త సెడమ్. అన్నిటి కిందా నల్లటి డ్రిప్ పైపు. ఏప్రిల్ నడిమికల్లా సగం మాడిపోతాయి, కాంట్రాక్టరు మళ్ళీ కొత్తవి దించుతాడు.

ఆ డ్రిల్లు గుర్తుల దగ్గర కాసేపు ఆగాలి. మా భవనానికి మూడు సెల్లార్లున్నాయి. ఈ ప్రాంతంలో సెల్లారంటే మట్టి తవ్వి తీసింది కాదు. డ్రిల్లు వేసి, మందు కూరి, సైరన్ కొట్టి, సాయంత్రం పూట పేల్చి తీసిన గొయ్యి. టెర్రస్ మీద పెట్టిన ఆ ముక్కలు కింది సెల్లారులోవో పక్క సైటువో నాకు తెలియదు గానీ, స్విట్జర్లాండ్ నుంచి మాత్రం రాలేదు. గుట్టని పేల్చి, అందులోంచి అయిదారు ముక్కలు ఏరి, వాటిని నాలుగో అంతస్తుకి ఎక్కించి, ఆల్ప్స్ అని పేరు పెట్టి, నీళ్ళు పెట్టి పోషిస్తున్నాం. హైటెక్ సిటీ రాక్ గార్డెన్ల కథ స్థూలంగా ఇదే. మా ఒక్క క్యాంపస్‌కి ఇది పరిమితమైతే నేను ఇంత రాయక్కర్లేదు.

అసలు రాక్ గార్డెన్ అంటే ఏమిటో ముందు చూద్దాం. ఆల్ప్స్ లాంటి పర్వతాల్లో ఒక ఎత్తు దాటాక చెట్లు పెరగవు. అక్కడుండేవన్నీ బండల సందుల్లో, గులకల్లో బతికే చిన్న మొక్కలు. చలికాలమంతా మంచు కింద ముడుచుకుని ఉండి, మంచు కరగ్గానే, అంటే మే, జూన్, ఇంకా పైనయితే జూలైలో, ఒక్కసారిగా పూస్తాయి. వాటికి దొరికే కాలం రెండు మూడు నెలలే కాబట్టి ఆ తొందర. ఉన్న కొద్దిపాటి పురుగుల్నీ పిలుచుకోవాలి కాబట్టి మొక్కకి మించిన పువ్వులు, కళ్ళు చెదిరే రంగులు. జెన్షియన్ల నీలం ఫోటోలో చూస్తే ఎవరో ఎడిట్ చేశారనిపిస్తుంది. సాక్సిఫ్రేజ్ అని ఇంకో జాతి ఉంది, లాటిన్లో ఆ మాటకి అర్థం "రాతిని పగలగొట్టేది". (మన దగ్గర ఆ పని జేసీబీ చేస్తుంది. అది ఏడాది పొడవునా పూస్తుంది.)

ఈ మొక్కల్ని కిందికి తెచ్చి పెంచుకోవాలనే పిచ్చి యూరప్‌లో, ముఖ్యంగా బ్రిటన్లో, పందొమ్మిదో శతాబ్దంలో ముదిరింది. కిందికి తెస్తే అవి ఊరికే బతకవు. వేరు చల్లగా ఉండాలి, నీరు నిలవకూడదు. అందుకే రాళ్ళు. రాయి నీడలో వేరు చల్లగా ఉంటుంది, రాతి సందు నీటిని లోపలికి లాగి మిగిలింది వదిలేస్తుంది. అంటే రాక్ గార్డెన్లో రాయి అలంకారం కాదు, యంత్రంలో భాగం లాంటిది. రాయిని మట్టిలో బాగా లోపలికి పాతాలి, దాని పొరల దిశ పక్కరాయి పొరలతో కలవాలి, ఇక్కడి నేలలోంచే పైకి తేలినట్టుండాలి. ఈ సూత్రాలను మొండిగా, సరదాగా, దుర్మార్గంగా రాసినవాడు రెజినాల్డ్ ఫారర్. 1907లో "మై రాక్ గార్డెన్" రాశాడు, 1919లో "ది ఇంగ్లిష్ రాక్ గార్డెన్" రెండు సంపుటాలుగా వచ్చింది, మరుసటి ఏడాదే మొక్కల వేటలో బర్మా కొండల్లో చనిపోయాడు. చెడ్డ రాక్ గార్డెన్లకి ఆయన పెట్టిన పేర్లలో ఒకటి బాదంపప్పులు గుచ్చిన పుడ్డింగు. మన పెళ్ళిళ్ళ పాయసం మీద జీడిపప్పు అనుకోండి. మా టెర్రస్ మీద ఉన్నది సరిగ్గా అదే, ఇంకో మాట అక్కర్లేదు.

ఫారర్‌ని నేను ఇష్టపడేది పూల కోసం కాదు, సమీక్షకుడిగా. ఎడిన్‌బరా రాయల్ బొటానిక్ గార్డెన్లో 1870ల నుంచీ ఒక పెద్ద రాక్ గార్డెన్ ఉండేది. ఫారర్ దాన్ని అచ్చులో ఉతికి ఆరేశాడు. 1908 నుంచి 1914 దాకా దాన్ని మళ్ళీ మొదటి నుంచి కట్టారు. ఆన్‌సైట్ పని మీద అక్కడున్నప్పుడు ఒక మే నెలలో నేను చూసింది ఆ మళ్ళీ కట్టిన తోటనే. రాళ్ళ మధ్య నడుస్తుంటే ఎక్కడ నేల ఆగి ఎక్కడ తోట మొదలయ్యిందో తెలియలేదు. తెలుగులో ఒక చెడ్డ సమీక్ష వస్తే ఏమవుతుందో మీకు తెలుసు. రచయిత అలుగుతాడు, మిత్రులు సంతకాలు సేకరిస్తారు, పుస్తకం మాత్రం రెండో ముద్రణలోనూ అలాగే ఉంటుంది.

అలగడం అక్కడా లేకపోలేదు. సర్ ఫ్రాంక్ క్రిస్ప్ అని ఒక సంపన్న లాయరు తన ఫ్రయర్ పార్క్ ఎస్టేటులో రాక్ గార్డెన్ కట్టి, దాని మీద మాటర్‌హార్న్ శిఖరానికి బుల్లి నమూనా కూడా నిలబెట్టాడు. 1914లో ఫారర్ ఒక మిత్రుడి తోటపని పుస్తకానికి ముందుమాట రాస్తూ డబ్బున్నవాళ్ళ రాక్ గార్డెన్లని ఎగతాళి చేశాడు. అది తన మీదే అనుకున్న క్రిస్ప్, ఆ ముందుమాట మీద కరపత్రం అచ్చువేయించి చెల్సీ పూల ప్రదర్శనలో పంచిపెట్టించాడు. ముందుమాటల గొడవలు మన సొత్తే అనుకునేవాళ్ళకి ఇది ఓదార్పు. ఈ ఫ్రయర్ పార్క్‌నే 1970లో బీటిల్స్ జార్జ్ హారిసన్ కొన్నాడు.

కానీ ఆ పిచ్చికి ఒక చీకటి వైపు ఉంది, మనకి పనికొచ్చేది అదే. ఇంగ్లండ్ ఉత్తరాన, యార్క్‌షైర్, కంబ్రియా వైపు, సున్నపురాయి మైదానాలుంటాయి. వానకి అరిగిన చదునైన బండలు, వాటి మధ్య లోతైన పగుళ్ళు, ఆ పగుళ్ళలో ఫెర్నులు, అరుదైన పూలమొక్కలు. అంటే ఎవరూ కట్టని రాక్ గార్డెన్లు. ఊళ్ళలో రాక్ గార్డెన్లు కట్టడానికి మంచి అరిగిన రాయి కావాలని, ఆ మైదానాల్నే దశాబ్దాల తరబడి పెళ్ళగించి లారీలకెత్తారు. చివరికి 1981లో చట్టం చేసి, మిగిలినవాటికి రక్షణ ఇచ్చే ఉత్తర్వులకు దారి వేశారు. నకలు కోసం అసలును పగలగొట్టడం మనం కనిపెట్టింది కాదు. కాకపోతే వాళ్ళు కనీసం రాయిని రాయి కోసమే పెకలించారు. మనం రాయిని అడ్డం తొలగించడానికి పేల్చి, తర్వాత అలంకారానికి గులకలు కొనుక్కుంటున్నాం.

ఇప్పుడు మన బండల దగ్గరికి వద్దాం. హైదరాబాద్ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. ఆల్ప్స్ పైకి లేవడం మొదలై పది కోట్ల ఏళ్ళు కూడా కాలేదు, దీని ముందు అవి నిన్నటి పిల్లలు. లోపల ఎక్కడో చల్లారిన శిల, పైనున్న నేల అరిగిపోయి బయటపడి, ఎండకీ వానకీ ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడి, మూలలన్నీ గుండ్రమై, ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి. ఎవరూ పేర్చలేదు, మిగతాదంతా అరిగిపోగా ఇవి మిగిలాయి. ఫారర్ అడిగినవన్నీ ఇక్కడ ముందే ఉన్నాయి. నేలలోంచే లేచిన రాయి, కలిసిన పొరలు, లోతైన పగుళ్ళు. నీటి లెక్క కూడా చూడండి. నున్నటి బండ మీద పడ్డ వాన ఇంకదు, జారి పగులులోకి చేరుతుంది. అంటే పగులులో ఉన్న వేరుకి తన మీద పడ్డ చినుకే కాదు, చుట్టూ ఉన్న బండంతా ఏరి తెచ్చిన వానా దొరుకుతుంది. డ్రిప్ పైపు లేకుండా, బిల్లు లేకుండా.

ఊరి పేర్లు చూసినా చాలు. కొండాపూర్, మణికొండ, గుట్టల బేగంపేట. కొండలూ గుట్టలూ బస్టాపు బోర్డుల మీద ఉన్నాయి.

మరి ఈ రాక్ గార్డెన్ ఎప్పుడు పూస్తుంది? ఆల్ప్స్‌లో మంచు కరిగాక పూస్తే ఇక్కడ నీరు అయిపోయాక పూస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అప్పటికే మోదుగ మొదలుపెడుతుంది. చాలా చెట్లు ఆకు రాల్చేస్తాయి, ఎందుకంటే ఎండలో నీటిని ఖర్చుచేసేది ఆకే. ఆకులేని కొమ్మ మీద పూసిన పువ్వు దూరానికి కనపడుతుంది, పిట్టకీ తేనెటీగకీ దారి సులువు. కాయ ముదిరి గింజ రాలే వేళకి జూన్ వాన పడుతుంది. మోదుగ చేసేది ఇదే. కొండగోగు చేసేదీ ఇదే. మాది నల్లగొండ వైపు. అక్కడి గుట్టల మీద మార్చిలో ఒక్క ఆకు లేకుండా, బూడిదరంగు కొమ్మల చివర అరచేతంత పసుపుపచ్చ పూలతో కొండగోగు నిలబడితే, ఇంత ఎండిన రాతిలోంచి ఇంత పసుపు ఎలా వచ్చిందా అనిపించేది. దాని బంకనే గిరిజనులు సేకరిస్తారు, గిరిజన సహకార సంస్థ కొంటుంది. ఇప్పుడు యాప్‌లో ఆర్డర్ పెట్టుకునే పొట్లాల్లో దాని పేరు చూస్తుంటాను, దాని పువ్వు చూసినవాళ్ళు ఎంతమందో.

ఇంకా ఉన్నాయి. పాలకొడిశ, అదే అంకుడు చెట్టు, తెల్లటి నక్షత్రాల్లా పూస్తుంది. ఏటికొప్పాక బొమ్మలు దాని కర్రతోనే చేస్తారు. కొండరావి బండని వేళ్ళతో కావలించుకుని, చిగురు వేసినప్పుడు చెట్టంతా గులాబీ ఎరుపు అవుతుంది, అది పువ్వు కాకపోయినా నేను పువ్వు లెక్కలోనే వేస్తాను. ఉగాదికి వేప, కానుగ. ఏప్రిల్ వచ్చేసరికి రేల, ద్రాక్ష గుత్తుల్లా వేలాడే పసుపు. సీతాఫలం పువ్వు చాలామంది చూసి ఉండరు. ఆకుపచ్చగా, మందంగా, మూడు రేకులతో కిందికి వేలాడుతుంది, అందం చూపించుకోవాలనే ఆశ దానికి లేదు. చిన్న పెంకు పురుగులు వస్తే చాలు దానికి.

సీతాఫలం ఈ నేలది కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. అందుకే నా గొడవ పుట్టుక గురించి కాదని ఇక్కడే చెప్పాలి. కారిడార్ రోడ్ల పక్కన ఫిబ్రవరి మార్చిల్లో పూసే గులాబీరంగు టబెబుయాలు బాగానే ఉంటాయి, రీల్స్ చేసుకోండి, ఎవరు కాదన్నారు. సీతాఫలం వచ్చింది, బండల మధ్య నీళ్ళు పెట్టేవాడు లేకుండా బతకడం నేర్చుకుంది, పిట్టలకీ మేకల కాపరులకీ బళ్ళో పిల్లలకీ తిండి పెట్టింది, దాని పాస్‌పోర్టు ఇక ఎవరూ అడగరు. పైపు కట్టేసిన పది రోజులకి ఏ మొక్క ఉంటుంది, ఏది పోతుంది అన్నది నా కొలత. మా టెర్రస్ మీదవాటికి పది రోజులు కూడా ఎక్కువే.

ఇంతకీ ఉన్న తోటని తీసేసి లేని తోటని కట్టే బుద్ధి ఎక్కడి నుంచి వచ్చింది? బిల్డర్ల దురాశ అనేస్తే పని అయిపోతుంది, అందరం కలిసి తిట్టుకోవచ్చు. కానీ ఆర్కిటెక్టుకీ, బిల్డరుకీ, వాళ్ళ బ్రోషర్లు రాసేవాడికీ ఉన్న కన్నే కవులకీ ఉంది. ఆ కన్నుకి ఒకటే రంగు కనపడుతుంది, పచ్చ. "పచ్చదనం" మనకి ప్రకృతికి పర్యాయపదం. పథకం పేరు పెట్టాలన్నా హరితహారమే. పచ్చగా లేనిది ప్రకృతి కాదు, అది ఖాళీ. రెవెన్యూ వాళ్ళ పహాణీలో ఇలాంటి రాతినేలకి పేరే ఉంది, పోట్ ఖరాబు. పంట పండి శిస్తు రాని నేల చెడ్డ నేల. ఆ మాట రాసినవాడిది శిస్తు లెక్క, వాణ్ణి అర్థం చేసుకోవచ్చు. మనం కథల్లో, కవితల్లో వాడే "బీడు", "బంజరు", "రాళ్ళూ రప్పలూ" కూడా అదే లెక్కలోంచి వచ్చాయని ఎప్పుడైనా అనుకున్నామా? ఆ ఖరాబు దిక్కునే, కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. చెడ్డ నేల రాత్రికి రాత్రి మంచిదయింది. మారింది దాని ధర ఒక్కటే, దాని మీద ఏముందో చూసే చూపు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

హైటెక్ సిటీ మీద వచ్చే కథల్ని చూడండి. వరసగా చదువుతుంటాను కాబట్టి చెబుతున్నాను. అద్దాల మేడలు, లిఫ్టులో ఒంటరితనం, లేఆఫ్, ట్రాఫిక్, విడాకులు. మధ్యలో "కాంక్రీట్ జంగిల్" అన్న మాట ఎక్కడో ఒకచోట తప్పకుండా పడుతుంది. తర్వాత, "ఒకప్పుడు ఇక్కడ పచ్చని పొలాలు ఉండేవి" అని ఒక నిట్టూర్పు. ఎక్కడ ఉండేవండీ? చెరువుల కింద కొంత మాగాణి ఉండేది, నిజమే. దుర్గం చెరువు ఊరికే వెలవలేదు. కానీ ఈ చుట్టుపక్కల ఎక్కువగా ఉన్నవి బండలు, కంచలు, తుప్పలు, మేత. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి ఫోటోలు తీసి చూడండి, భవనం చుట్టూ వరిచేలు కనపడవు. రచయిత తన ఊరి వరిచేనుని తెచ్చి మాదాపూర్ మీద పరిచి, అది పోయిందని ఏడుస్తున్నాడు. ఏడుపు నిజమే కావచ్చు, పోయినది మాత్రం వేరు. పోయినదాని పేరు తెలియకుండా రాసే స్మృతిగీతం కూడా ఒక రకం రాక్ గార్డెనే, ఎక్కడివో రాళ్ళు తెచ్చి పేర్చడం.

మనకి ఆ కన్ను ఎప్పుడూ లేదని కూడా అనలేం, అదే ఎక్కువ చిరాకు. బతుకమ్మని దేనితో పేరుస్తారు? తంగేడుతో, గునుగుతో. రెండూ ఎవరూ నాటనివి, ఎవరూ నీళ్ళు పొయ్యనివి, బీడుల్లో గట్ల మీద గుట్టల వాలుల్లో పూసేవి. లక్షలమంది ఆడవాళ్ళు బీడు పువ్వుని తెచ్చి దేవతని చేసే పండగ ఉన్న జాతి మనది. రాష్ట్రం ఏర్పడ్డాక తంగేడుని రాష్ట్ర పుష్పం కూడా చేసుకున్నాం. అలాంటివాళ్ళం క్యాంపస్‌లో రాతి పక్కన మొలిచిన తంగేడు మొక్కని "వీడ్" అని పీకించి, అక్కడ పెటూనియా పెట్టిస్తాం. బతుకమ్మకి కూకట్‌పల్లి మార్కెట్లో తంగేడు కొనుక్కుంటాం. ఉగాదికి వేపపువ్వు పది నిమిషాల్లో తెచ్చే యాప్ ఉండనే ఉంది.

ఇక నాకు రాబోయే జవాబులు నాకు తెలుసు. మొదటిది, "అభివృద్ధి వద్దా, నువ్వు ఉంటున్న ఫ్లాటు ఎక్కడ కట్టారు?" గుట్ట తీసిన చోటే కట్టారు. ఫ్లాటులో ఉండేవాడికి తోట గురించి మాట్లాడే హక్కు లేదంటే, ఈ నగరంలో ఇక మాట్లాడేవాళ్ళు ఉండరు. నేను అడుగుతున్నది భవనాలు వద్దని కాదు. జూబ్లీహిల్స్‌లో బండని కదపకుండా దాని చుట్టూ గది కట్టుకున్న ఇళ్ళున్నాయి, బండ ఇంటి లోపలే గోడలా ఉంటుంది. మాదాపూర్ శిల్పారామంలో బేర్స్ నోస్ అని పిలిచే బండ అలాగే నిలబడి ఉంది, పక్కన మనుషులు టికెట్టు కొని నడుస్తున్నారు, ఏ జీడీపీ పడిపోలేదు. బెంగళూరు లాల్‌బాగ్ నడిబొడ్డున దాదాపు 300 కోట్ల ఏళ్ళ రాయిని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా ఉంచుకున్నారు, దాని చుట్టూ ఐటీ కూడా బాగానే పెరిగింది. ఇక్కడ కూడా 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు ఉత్తరాలు రాస్తూ, జనాన్ని బండల మధ్య నడిపిస్తూ ఉన్నారు. అంటే దారి తెలియక కాదు. పది ఎకరాల ప్లాటులో మూల అరెకరం గుట్టని వదిలేసి డ్రాయింగు గీయడం ఆర్కిటెక్టుకి రాని విద్యేం కాదు, ఎవరూ అడగరు, అంతే.

మన పనిలో ఒక నియమం ఉంది. అర్థంకాని పాత కోడ్‌ని డిలీట్ చెయ్యకు, దాని మీద ఏమేం ఆధారపడ్డాయో ముందు చూడు. కొత్తగా చేరిన పిల్లాడు ఇరవై ఏళ్ళ నాటి మాడ్యూల్‌ని ఎవరూ వాడటం లేదనుకుని తీసేస్తే రివ్యూలో వాణ్ణి నంజుకు తింటాం. అదే మనం బాల్కనీలో కాఫీ పట్టుకుని, 250 కోట్ల ఏళ్ళుగా నడుస్తున్నదాన్ని సాయంత్రం ఆరింటికి పేలుస్తుంటే, మీటింగు డిస్టర్బ్ అవుతోందని మ్యూట్ నొక్కుతాం.

రెండో జవాబు, "ఇది పర్యావరణ వ్యాసం, సాహిత్య పత్రికలో ఎందుకు?" దానికి జవాబు పైన రాసేశాను. పేరు పెట్టడం సాహిత్యం పని. బీడు అన్న మాటని మనం వాడినంత కాలం బుల్డోజరు డ్రైవరుకి వేరే అనుమతి అక్కర్లేదు.

ఇది మాటల పట్టింపు అనుకునేవాళ్ళు 2025 ఉగాదిని గుర్తు తెచ్చుకోండి. మార్చి 30. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి యంత్రాలు దిగిన రోజులవి. సరిగ్గా ఎండాకాలం మొదట, ఈ నేల పూసే వారాలు. విద్యార్థులు అడ్డం వెళ్ళారు, అరెస్టులయ్యాయి, రాత్రి ఫ్లడ్‌లైట్ల వెలుగులో చెట్లు పడుతుంటే నెమళ్ళ అరుపులు వినపడే వీడియోలు అందరి ఫోన్లలోకీ వచ్చాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపించింది. ఆ వారమంతా మా ఆఫీసు క్యాంటీన్లో జరిగిన వాదన నాకు బాగా గుర్తుంది. వాదన అంతా ఒకే మాట చుట్టూ తిరిగింది, అది అడవా కాదా. కాదనేవాళ్ళు రికార్డు చూపించారు. అవుననేవాళ్ళు నెమళ్ళనీ జింకల్నీ చూపించారు, చెట్లు ఎంత దట్టంగా ఉన్నాయో చూపించారు. అంటే అవుననేవాళ్ళకి కూడా దాన్ని కాపాడాలంటే ముందు పచ్చటి అడవి అని నిరూపించాల్సి వచ్చింది. అది బండలూ తుప్పలూ ఉన్న కంచ, కంచగానే విలువైనది అని చెప్పడానికి ఎవరి దగ్గరా మాట లేదు. కంచ అన్న మాట ఆ నేల పేరులోనే ఉంది. పశువుల మేతకి వదిలిన నేల అది. ఎవరో ఎప్పుడో ఆలోచించి, ఇక్కడ దున్నొద్దు అనుకుని, వదిలిపెట్టుకున్న నేల. అంతకంటే మంచి వాదన ఏం కావాలి? పక్కనే యూనివర్సిటీ వాళ్ళ మష్రూమ్ రాక్ ఉంది. పుట్టగొడుగులా ఒంటికాలి మీద నిలబడిన ఆ బండ దగ్గర ఫోటో దిగని విద్యార్థి ఉండడు. ఆ బండ చుట్టూ మార్చిలో ఏం పూస్తుందో రాసిన ఒక్క తెలుగు పేజీ నాకు దొరకలేదు.

ఆ తర్వాత కోర్టు ప్రభుత్వాన్ని ఇంకో మాట అడిగింది, చెట్లు కొట్టేసిన చోటుని మళ్ళీ మునుపటిలా ఎలా చేస్తారో చెప్పమంది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ ప్రశ్న. మునుపటిలా అంటే ఎలా? మొక్కలు నాటడమంటే మనకి తెలిసిన పద్ధతి ఒకటుంది. గుంత తీసి, త్వరగా పెరిగే జాతిని వరసల్లో పెట్టి, ట్యాంకరుతో నీళ్ళు పోసి, సంఖ్య ప్రకటించడం. కోనోకార్పస్‌ని అలాగే రోడ్ల పొడవునా నాటి, తర్వాత వద్దు బాబోయ్ అనుకున్నాం. ఆ 400 ఎకరాల్లోనూ అదే చేస్తే పైనుంచి తీసిన ఫోటోలో పచ్చగానే ఉంటుంది. కంచ మాత్రం తిరిగి రాదు. దానికి కావలసింది వేరే జాబితా. పగిలిన బండల్ని ఎత్తుకుపోకుండా పడినచోటే వదలాలి, ఆ నీడలోనే గింజ బతుకుతుంది. గడ్డి కొయ్యకూడదు. మోదుగ, పాలకొడిశ, రేల, కొండరావి, సీతాఫలం, తంగేడు, గునుగు. ఏది ఏ వాలులో ఉండేదో, ఏ పగులులో నీరు ఏప్రిల్ దాకా ఉండేదో తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. అక్కడ మేకలు మేపినవాళ్ళు, రాయి కొట్టిన వడ్డెరలు, పాతికేళ్ళుగా ఆ క్యాంపస్‌లో పిట్టల్నీ మొక్కల్నీ లెక్కపెట్టిన విద్యార్థులు. వాళ్ళని కూర్చోబెట్టి ఆ జాబితా తెలుగులో రాయించడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. మా టెర్రస్ మీద పెటూనియాలకి ఏడాదికయ్యే ఖర్చు సరిపోతుంది.